సీటు వచ్చాక గది: పీజీ విద్యార్థుల నివాస కేటాయింపుపై సమీక్ష

విశ్వవిద్యాలయం పీజీ విద్యార్థికి నివాసం కేటాయించేటప్పుడు మూడు నిర్ణయాలు తీసుకుంటుంది. దరఖాస్తు పెట్టినవారిలో గది ఎవరికి ఇవ్వాలన్నది మొదటిది. ఇచ్చినవారిని ఏ హాస్టల్‌కు, ఏ కాలేజీకి పంపాలన్నది రెండోది. ఒక గదిలో ఎవరి పక్కన ఎవరిని ఉంచాలన్నది మూడోది. గదులు సరిపడా ఉన్నచోట చర్చ రెండో నిర్ణయం చుట్టూ తిరుగుతుంది. గదులు చాలని చోట మొదటిదే మిగతా రెండింటినీ మింగేస్తుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మొదటి కోవకు దగ్గరైతే, ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండో కోవకు దగ్గర.

పీజీ విద్యార్థి అవసరాలు డిగ్రీ విద్యార్థి అవసరాల్లాంటివి కావు. ఎంఏ, ఎమ్మెస్సీ రెండేళ్లలో ముగుస్తాయి కానీ పీహెచ్‌డీ ఐదారేళ్లు సాగుతుంది. ప్రయోగశాలలో పని రాత్రిళ్లు కూడా నడుస్తుంది, వేసవి సెలవుల్లోనూ ఆగదు. కొందరికి అప్పటికే పెళ్లయి ఉంటుంది. కొందరు ఊళ్లో తల్లిదండ్రులకు డబ్బు పంపుతూ చదువుతుంటారు. డిగ్రీ పిల్లల కోసం రాసుకున్న హాస్టల్ నియమాలను వీరికి యథాతథంగా వర్తింపజేసినప్పుడల్లా చిక్కులు వచ్చాయి.

కాలేజీలే విశ్వవిద్యాలయమైన చోట

ఇంగ్లండ్‌లోని పాత విశ్వవిద్యాలయాల్లో కాలేజీ అంటే నివాసం, భోజనశాల, గ్రంథాలయం, సభ్యత్వం అన్నీ కలిసిన సంస్థ. పీజీ విద్యార్థికి చదువు చెప్పేది, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. విద్యార్థి మాత్రం ఏదో ఒక కాలేజీ సభ్యుడై తీరాలి. కేంబ్రిడ్జ్‌లో అలాంటివి 31 ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లోనూ ముప్పైకి పైనే ఉన్నాయి.

ఆక్స్‌ఫర్డ్‌లో పీజీ అభ్యర్థి దరఖాస్తులో తనకు నచ్చిన కాలేజీ పేరు రాయవచ్చు, ఏదైనా ఫర్వాలేదని వదిలేయవచ్చు. ముందుగా నిర్ణయం తీసుకునేది విభాగం. విభాగం సీటు ఇచ్చాకే దరఖాస్తు కాలేజీకి వెళ్తుంది. కోరిన కాలేజీలో ఖాళీ లేకపోతే దరఖాస్తును మరో కాలేజీకి పంపుతారు. విభాగం ఎంచుకున్న అభ్యర్థికి ఏదో ఒక కాలేజీలో చోటు దొరుకుతుందని విశ్వవిద్యాలయం హామీ ఇస్తుంది. చదువుకు అర్హత ఒకచోట తేలుతుంది, నివాస సమూహం మరోచోట తేలుతుంది, రెండో దానివల్ల మొదటిది పోదు. కేంబ్రిడ్జ్‌లోనూ అభ్యర్థి తన ఇష్టాలను వరుసగా చెప్పవచ్చు, లేదా ఎంపికను విశ్వవిద్యాలయానికి వదిలేయవచ్చు. అయితే కాలేజీ సభ్యత్వం వచ్చినంత మాత్రాన గది వచ్చినట్టు కాదు. గదుల కేటాయింపును ప్రతి కాలేజీ తన పద్ధతిలో విడిగా చేసుకుంటుంది.

ఈ కాలేజీలు కాలక్రమంలో ప్రధానంగా డిగ్రీ విద్యార్థులవయ్యాయి. పరిశోధన పెరిగిన కొద్దీ పీజీలకే ప్రత్యేకమైన కాలేజీలు అవసరమయ్యాయి. ఆక్స్‌ఫర్డ్‌లో నఫీల్డ్ కాలేజీ 1937లో, సెయింట్ ఆంటొనీస్ 1950లో వచ్చాయి. కేంబ్రిడ్జ్‌లో పీజీలకే కేటాయించిన మొదటి కాలేజీ డార్విన్. అది 1964లో ఏర్పడింది. డర్హమ్‌లో ఆ పాత్ర ఉస్టినోవ్ కాలేజీది.

అమెరికాలో ఇదే విషయం ఒక పెద్ద వివాదానికి దారితీసింది. ప్రిన్స్‌టన్ అధ్యక్షుడిగా ఉన్న ఉడ్రో విల్సన్ పీజీ నివాసం ప్రాంగణం నడిమధ్యన ఉండాలని, చిన్నా పెద్దా విద్యార్థులు రోజూ ఎదురుపడాలని వాదించాడు. గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ ఆండ్రూ వెస్ట్ అది దూరంగా, ప్రశాంతంగా ఉండాలన్నాడు. 1910లో ఒక పెద్ద వీలునామా విరాళం వెస్ట్ పక్షానికి బలమిచ్చింది. విల్సన్ ప్రిన్స్‌టన్ వదిలి రాజకీయాల్లోకి వెళ్లాడు. 1913లో గ్రాడ్యుయేట్ కాలేజీ ప్రాంగణానికి దూరంగానే తెరుచుకుంది. పీజీలను విడిగా ఉంచాలా, కలిపి ఉంచాలా అన్న ఆ ప్రశ్నే శతాబ్దం తర్వాత హైదరాబాద్‌లో మరో రూపంలో వచ్చింది.

భారతదేశంలో ఈ నమూనాకు దగ్గరగా ఉన్నది ఢిల్లీ విశ్వవిద్యాలయం. అక్కడ పీజీ ప్రవేశం విభాగం ద్వారా జరుగుతుంది. ఆ తర్వాత విద్యార్థి పేరును ఒక కాలేజీలో నమోదు చేస్తారు. ఆ కాలేజీలో హాస్టల్ ఉంటే అక్కడ ప్రయత్నించే వీలుంటుంది. తెలుగు రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాలు ఈ దారి పట్టలేదు. ఇక్కడ చదువు విభాగానిది, నివాసం చీఫ్ వార్డెన్‌ది.

ఉస్మానియా హాస్టళ్లు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమయ్యేనాటికే అడిక్‌మెట్ ప్రాంగణంలో హాస్టళ్లు ఉన్నాయి. ఏ-హాస్టల్, బి-హాస్టల్ అన్న పేర్లు తెలంగాణ చరిత్రలో భాగం. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడటాన్ని నిషేధించడంతో సమ్మె మొదలైంది. విశ్వవిద్యాలయం విద్యార్థులను బహిష్కరించింది. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1969 తెలంగాణ ఉద్యమానికీ, 2009 తర్వాతి మలిదశ ఉద్యమానికీ ఈ హాస్టళ్లే కేంద్రాలయ్యాయి. హాస్టల్లో గది దొరకడమంటే ప్రజాజీవితంలోకి ఒక ద్వారం తెరుచుకోవడమని పల్లెల నుంచి వచ్చిన తరాలు అనుభవంతో తెలుసుకున్నాయి.

ప్రవేశం ఇప్పుడు ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతుంది. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్లను సీపీగెట్ ర్యాంకు ప్రకారం భర్తీ చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఏపీ పీజీసెట్ ఆ పని చేస్తోంది. ర్యాంకు వచ్చాక జరిగే కౌన్సెలింగ్‌లో విద్యార్థి కాలేజీని, కోర్సును ఎంచుకుంటాడు. గది మాటను కౌన్సెలింగ్ పట్టించుకోదు. సీటు ఖరారై, ఫీజు కట్టి, కాలేజీలో రిపోర్ట్ చేశాకే హాస్టల్ దరఖాస్తు మొదలవుతుంది. ఆదిలాబాద్ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన విద్యార్థి గది వస్తుందో రాదో తెలియకుండానే దగ్గర్లో ఉన్న మరో సీటును వదులుకుని హైదరాబాద్ రావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో సీటుతో పాటు కనీసం ఒక కాలేజీలో చోటైనా ఖాయమవుతుంది; కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఇదే.

గదుల కొరతకు ఇంకో కారణం ఖాళీ చేయకపోవడం. కోర్సు ముగిసినా హాస్టల్లోనే ఉండిపోయేవారిని నాన్‌బోర్డర్లు అంటారు. వీరిని తప్పుపట్టడం తేలిక. కానీ వీరిలో ఎక్కువమంది గ్రూప్స్, డీఎస్సీ, లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవారు. హాస్టల్ వదిలితే అశోక్‌నగర్‌లోనో చిక్కడపల్లిలోనో గది అద్దె, కోచింగ్ ఖర్చు భరించాలి. ఒకరి పాత గది మరొకరి కొత్త సీటుకు అడ్డుపడుతుంది, ఇద్దరూ పేదలే. రెండో పీజీ చేసేవారికి హాస్టల్ ఇవ్వకూడదన్న నియమం ఇలాంటి ఒత్తిడిలోంచే పుట్టింది. అది గదులను కాపాడుతుంది కానీ, ఒక సబ్జెక్టులో ఉపాధి దొరక్క మరో సబ్జెక్టు చదవాలనుకున్నవారికి తలుపు మూస్తుంది.

నిజాం కాలేజీలో వచ్చిన ప్రశ్న

డిగ్రీ, పీజీల మధ్య గదుల పంపకం ఎంత చిక్కుముడో 2022 నవంబరులో నిజాం కాలేజీలో తేలింది. 1887లో మొదలైన ఈ కాలేజీ ఉస్మానియాకు చెందినది. అక్కడ కొత్తగా కట్టిన మహిళా హాస్టల్‌ను పీజీ విద్యార్థినులకు కేటాయించడంపై డిగ్రీ విద్యార్థినులు ఆందోళనకు దిగారు. జిల్లాల నుంచి వచ్చి బయట అద్దె హాస్టళ్లలో ఉంటున్నామని, కొత్త భవనం తమకే దక్కాలని వారి వాదన. విషయం మంత్రుల దాకా వెళ్లింది. మొదట సగం గదులు డిగ్రీకి, సగం పీజీకి ఇస్తామన్నారు. ఆందోళన ఆగలేదు. చివరకు మొత్తం భవనాన్ని డిగ్రీ విద్యార్థినులకే ఇవ్వాలని నిర్ణయించారు.

డిగ్రీ విద్యార్థినుల కోరిక న్యాయమైనదే. పీజీ విద్యార్థినుల అవసరమూ నిజమైనదే. ఇద్దరిలో ఎవరికి ముందు అన్నది గదులు కట్టకముందే తేల్చి ప్రకటించి ఉంటే, ఆడపిల్లలు రోడ్డెక్కే అవసరం వచ్చేది కాదు. నియమం లేని చోట కేటాయింపు ఒత్తిడిని బట్టి జరుగుతుంది. బలంగా అడగగలిగినవారికే దక్కుతుంది.

గచ్చిబౌలి ప్రాంగణం

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974 అక్టోబరు 2న ఏర్పడింది. మొదట అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలిలోని రెండు వేల పైచిలుకు ఎకరాల ప్రాంగణానికి తరలింది. పీజీ, పరిశోధన కోసమే పుట్టిన విశ్వవిద్యాలయం ఇది. ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు తర్వాత వచ్చి చేరాయి. అందుకే ఇక్కడ హాస్టల్ మొదటి నుంచీ విశ్వవిద్యాలయ జీవితానికి మూలం. మెస్‌ను విద్యార్థులే నడుపుకుని, నెల ఖర్చును తిన్నవారి మధ్య పంచుకునే డివైడింగ్ పద్ధతి ఈ ప్రాంగణంలో పాతుకుపోయింది.

2006 నాటి కేంద్ర విద్యాసంస్థల రిజర్వేషన్ చట్టం ఓబీసీలకు 27 శాతం సీట్లు ఇచ్చింది. మిగతావారి సీట్లు తగ్గకుండా మొత్తం సీట్లను పెంచారు. 2019లో ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం వచ్చినప్పుడు కూడా సీట్లు పెరిగాయి. సీటు పెంచడానికి ఉత్తర్వు చాలు, గది పెంచడానికి భవనం కావాలి. ఆ రెండింటి మధ్య గడిచే కాలాన్ని ఇద్దరుండే గదిలో ముగ్గురు సర్దుకుని భరించారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించింది. వీల్‌చైర్ వాడే విద్యార్థికి కింది అంతస్తు గది, ర్యాంపు, అనువైన మరుగుదొడ్డి లేకపోతే ఆ సీటు కాగితం మీదే ఉంటుంది.

హాస్టల్ ఇవ్వడమే కాదు, తీసేయడమూ కేటాయింపులో భాగమే. 2015 చివర్లో ఈ విశ్వవిద్యాలయం ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బహిష్కరించింది. వారు ప్రాంగణంలోని షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర వెలివాడ పేరుతో శిబిరం వేసుకుని ఆరుబయటే పడుకున్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా కదిలిన ఆ ఘటన తర్వాత, క్రమశిక్షణ పేరిట నివాసాన్ని లాక్కోవడం ఎంత పెద్ద శిక్షో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. గది పోయిన పేద విద్యార్థికి భోజనం, చదువుకునే బల్ల, తోటివారి తోడు ఒక్కసారే పోతాయి.

దూరం నియమం, బోరబండ విద్యార్థి

గదులు చాలనప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వాడే కొలమానం దూరం. నగరంలో ఇల్లు ఉన్నవారు వరుసలో చివర నిలుస్తారు. ఢిల్లీలో అయినా, హైదరాబాద్‌లో అయినా ఇదే ఆనవాయితీ. మారుమూల జిల్లా నుంచి వచ్చినవారికి ముందు ఇవ్వాలన్న ఆలోచనలో న్యాయం ఉంది. అయితే దూరం కొలిచే టేపు ఇంటి లోపల ఏముందో చూడదు.

హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న బోరబండ ఇందుకు ఉదాహరణ. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఒకవైపు హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్ దాటితే లింగంపల్లి; అక్కడి నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గరే. మరోవైపు సికింద్రాబాద్ వెళ్లి రైలు మారితే ఉస్మానియా దగ్గరి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చు. పటం మీద చూస్తే బోరబండ విద్యార్థికి హాస్టల్ అవసరం లేనట్టే అనిపిస్తుంది. కానీ సైట్-1, సైట్-2, సైట్-3 వంటి బస్తీల్లో ఒకటి రెండు గదుల ఇళ్లలో కుటుంబమంతా ఉంటుంది. టీవీ, వంట, చిన్నపిల్లలు, పని నుంచి అలసి వచ్చిన పెద్దలు అంతా అక్కడే. రాత్రి పదకొండు దాకా ప్రయోగశాలలో ఉన్న పరిశోధక విద్యార్థినికి చివరి రైలు దొరకదు. దొరికినా స్టేషన్ నుంచి ఇంటికి ఒంటరిగా నడవాలి. ఆ అమ్మాయి దరఖాస్తులో చిరునామా చూసి లోకల్ అని రాసేస్తే, నియమం పాటించినట్టవుతుంది, న్యాయం జరిగినట్టు కాదు.

హాస్టల్ దొరకనివారు వెళ్లే దారి ఐటీ కారిడార్, దాని పరిసరాల్లోని ప్రైవేటు హాస్టళ్లు. మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట, ఎస్ఆర్‌నగర్‌లలో టూ షేరింగ్, త్రీ షేరింగ్ బోర్డులు కనిపించని వీధి అరుదు. అక్కడి ధరలు సాఫ్ట్‌వేర్ జీతాన్ని బట్టి నిర్ణయమైనవి. అద్దె తగ్గాలంటే విద్యార్థి బోరబండ, మోతీనగర్, ఎర్రగడ్డ వంటి చోట్ల నలుగురైదుగురితో కలిసి గది తీసుకుంటాడు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పెరిగిన అద్దెలు హాస్టల్ గది విలువను పెంచాయి. విశ్వవిద్యాలయం తన గదుల లెక్కను ఆ వేగంతో పెంచుకోలేకపోయింది.

డబ్బు లెక్క

నివాసం ఎవరికి అందుబాటులో ఉంటుందో స్కాలర్‌షిప్ నిర్ణయిస్తుంది. తెలంగాణలో ఈపాస్ ద్వారా వచ్చే సాయంలో ఆర్‌టీఎఫ్ ట్యూషన్ ఫీజుకు, ఎంటీఎఫ్ నివాస భోజనాలకు. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ వరకు మెస్ చార్జీని 2024లో నెలకు రూ. 1,500 నుంచి రూ. 2,100కు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి రూ. 20,000 ఇచ్చేలా రూపొందింది. ప్రభుత్వం నుంచి నిధులు ఆలస్యమైతే మెస్ బకాయి విద్యార్థి పేరు మీదే పెరుగుతుంది. బకాయి తీరకపోతే నో డ్యూస్ రాదు, నో డ్యూస్ లేకపోతే సర్టిఫికెట్లు చేతికి రావు.

పరిశోధకుల్లోనూ అంతరాలున్నాయి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు రూ. 37,000, హాస్టల్ ఇవ్వని పక్షంలో ఇంటి అద్దె భత్యం అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి దక్కేది నెలకు రూ. 8,000. గది ఇద్దరికీ అవసరమే, కానీ గది దొరకకపోతే చదువు ఆగిపోయే ప్రమాదం రెండో వ్యక్తికే. చాలా చోట్ల కేటాయింపు జాబితాలో ఈ తేడాకు ఒక్క మార్కు కూడా ఉండదు.

ఎవరితో ఎవరు

హైదరాబాద్‌లో విద్యార్థి నివాసాల చరిత్ర కుల హాస్టళ్లతో మొదలైందని చెప్పవచ్చు. రాజాబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశారు. వైశ్య, మున్నూరుకాపు, ఇతర సామాజిక వర్గాల హాస్టళ్లు తర్వాత వెలిశాయి. నగరంలో తెలుగు విద్యార్థికి తల దాచుకునే చోటు లేని రోజుల్లో అవి చేసిన మేలు పెద్దది. కానీ తన కులం వారి మధ్యే ఉండిపోయే అలవాటును కూడా అవి నిలబెట్టాయి.

విశ్వవిద్యాలయ హాస్టల్ ఆ గోడ దాటించాలి. విద్యార్థులు ఎవరితో ఉండాలో పూర్తిగా వారి ఇష్టానికే వదిలేస్తే, ఒకే జిల్లా, ఒకే కులం, ఒకే సంఘం వారు ఒకచోట చేరిపోతారు. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ, ఎస్సీ ఎస్టీ విద్యార్థులు వేధింపుల వల్ల కొన్ని హాస్టళ్లకే చేరిపోయిన తీరును నమోదు చేసింది. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనలు హాస్టళ్లలో ఇలాంటి వేరు చేయడాన్ని వివక్షగా గుర్తించాయి.

కలిపి ఉంచే ప్రయత్నాలూ, వాటి ఫలితాలపై పరిశోధనలూ ఉన్నాయి. హార్వర్డ్ 1996లో డిగ్రీ విద్యార్థుల నివాసాలను యాదృచ్ఛికంగా కేటాయించడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక్కో హౌస్‌కు ఒక్కో రకం విద్యార్థులు చేరేవారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విద్యార్థులపై కోర్నో, లా ఫెరారా, బర్న్స్ చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. నల్లజాతి, శ్వేతజాతి విద్యార్థులు ఒకే గదిలో ఉన్నప్పుడు శ్వేతజాతీయుల దురభిప్రాయాలు తగ్గాయని, నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగుపడ్డాయని అది చూపింది. అయితే వేధింపులను ఆపే వార్డెన్, ఫిర్యాదు వినే కమిటీ లేకుండా కలిపేస్తే, ఆ కలయిక భారం బలహీనుడి మీదే పడుతుంది. ర్యాగింగ్‌పై 2009 యూజీసీ నిబంధనలు కొత్త విద్యార్థులను వీలైనంత వరకు విడి బ్లాకులో ఉంచమన్నది కూడా ఈ భయంతోనే.

లాటరీ, వరుస, గణితం

కేటాయింపు పద్ధతులపై ఆర్థికశాస్త్రంలో లోతైన పని జరిగింది. గేల్, షాప్లీ 1962లో కాలేజీ ప్రవేశాలపై రాసిన వ్యాసం దీనికి మొదలు. ఆ దారిలో సాగిన కృషికి షాప్లీ, ఆల్విన్ రాత్‌లకు 2012లో నోబెల్ వచ్చింది. గదుల విషయంలో సులువైన పద్ధతి ఇది: లాటరీ తీసి వరుస నిర్ణయించి, ఆ వరుసలో ఒక్కొక్కరు మిగిలిన గదుల్లోంచి నచ్చింది ఎంచుకోవాలి. దీనిలో అబద్ధపు ఇష్టాలు రాసి లాభపడే వీలుండదు.

పీజీ హాస్టళ్లకు అసలు చిక్కు, అప్పటికే గదిలో ఉన్న సీనియర్. మంచి గది కోసం లాటరీలోకి వస్తే ఉన్నదీ పోతుందేమోనని అతడు కదలడు, గదులు బిగుసుకుపోతాయి. అబ్దుల్‌ఖాదిరొగ్లు, సొన్‌మెజ్ 1999లో దీనికి ఒక పరిష్కారం చూపారు. ఎవరైనా ఒక నివాసి గదిని కోరుకుంటే, ఆ నివాసిని వరుసలో కోరినవారి కంటే ముందుకు తెచ్చి ముందుగా ఎంచుకోనివ్వాలి. అప్పుడు ఎవరికీ ఉన్నదాని కంటే హీనమైనది రాదు, సీనియర్లు ధైర్యంగా మారతారు. ఒక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాంతో జరిగే పని ఇది.

గణితం గదులను సృష్టించలేదు, ప్రాధాన్యాలను నిర్ణయించలేదు. ఎవరు ముందు అన్నది విలువలకు సంబంధించిన తీర్మానం. ఆ తీర్మానం జరిగాక దాన్ని పక్షపాతం లేకుండా అమలు చేయడానికే గణితం పనికొస్తుంది.

ఏది న్యాయమైన పద్ధతి

ఇక్కడ చూసిన అనుభవాలన్నీ కొన్ని స్పష్టమైన సూత్రాల వైపు చూపుతున్నాయి. గది ఫలితం సీటు ఫలితంతో పాటే రావాలి. సీపీగెట్, పీజీసెట్ కౌన్సెలింగ్‌లోనే హాస్టల్ ఉందో లేదో కనిపించాలి. వరుసను దూరంతో మాత్రమే కాకుండా ఆదాయం, ఇంటి పరిస్థితి, వైకల్యం, రాత్రి పని అవసరాలను కలిపి నిర్ణయించాలి. అప్పుడు బోరబండ అమ్మాయికీ ఆదిలాబాద్ అబ్బాయికీ ఒకే కొలతతో న్యాయం జరుగుతుంది. సమాన అవసరం ఉన్నవారి మధ్య బహిరంగ లాటరీ తీయాలి. రూమ్‌మేట్లను మొదటి ఏడాది కలిపి కేటాయించి, తర్వాత మారే హక్కు ఇవ్వాలి. కోర్సు ముగిసినవారికి కొంత గడువు, ఆ తర్వాత నగరంలో ఉద్యోగార్థుల కోసం ప్రభుత్వం నడిపే వేరే వసతి ఉండాలి. విచారణ పూర్తికాకుండా, వేరే నివాసం చూపకుండా ఎవరినీ హాస్టల్ నుంచి పంపకూడదు. ఈ నియమాలన్నీ తెలుగులో, దరఖాస్తుకు ముందే అచ్చై విద్యార్థి చేతిలో ఉండాలి.

వీటిలో ఎక్కువ భాగానికి కొత్త భవనం అక్కర్లేదు, స్పష్టమైన నిర్ణయం చాలు. తలదాచుకునే చోటు లేని సీటు పేదింటి విద్యార్థికి సగం సీటే. మిగతా సగం ఇవ్వాల్సిన బాధ్యత ఆ సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయానిదే, దానికి నిధులిచ్చే ప్రభుత్వానిదే.